రైఫిల్ ముందా, సాధన ముందా?

హమద్ టౌన్ బహ్రెయిన్‌లో 1980లలో సొంతిల్లు లేని బహ్రెయినీ కుటుంబాల కోసం ప్రభుత్వం కట్టించిన ఊరు. ఇక్కడ ఎవరినైనా ఇల్లెక్కడని అడిగితే వీధి పేరు చెప్పరు, రౌండబౌట్ నంబరు చెబుతారు. ఊరిని ఆనుకుని నాలుగు వేల ఏళ్ళ నాటి దిల్మున్ సమాధి దిబ్బలున్నాయి. 2019లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ దిబ్బలకు దగ్గరి వీధుల్లో, అద్దె గదుల్లో, మన జగిత్యాల, నిజామాబాద్, గోదావరి జిల్లాల వాళ్ళూ బతుకుతున్నారు. వాళ్ళు పంపే దీనార్లు ఊళ్ళో ఇంటి గోడలవుతాయి, పిల్లల ఫీజులవుతాయి. ఈ మధ్య పిల్లల ఆటలకూ అవుతున్నాయి. ఈ సంవాదం అలాంటి ఒక ఖర్చు గురించి.

బావ సల్మాబాద్‌లోని ఒక వర్క్‌షాపులో లేతు మీద పనిచేస్తాడు. కూతురు హైదరాబాద్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన చేస్తోంది, ఇప్పటిదాకా క్లబ్బు రైఫిల్‌తోనే. బామ్మర్ది చదువుకునే రోజుల్లో ఎన్‌సీసీలో కాల్చినవాడు, జగిత్యాల వైపు ఒక బడిలో వ్యాయామోపాధ్యాయుడిగా చేసి, ఇప్పుడు ఇక్కడ స్టోర్‌కీపర్. పాపకు రైఫిల్ కొనాలన్న మాట దగ్గర ఇద్దరికీ పొత్తు కుదరలేదు.

బావ: ఈసారి సెలవుకు వెళ్ళినప్పుడు పాపకు రైఫిల్ తయారుచేసి ఇచ్చి వస్తా, బామ్మర్దీ. కొత్తది కొనాలంటే లక్షలు పోయాలి. ఎవరైనా సీనియర్ షూటర్ మార్చేసిన పాత ఎయిర్ రైఫిల్ గొట్టం, మెకానిజం ఒకచోట దొరుకుతాయి. భుజానికి ఆనించే బట్టు ఇంకోచోట. సైట్లు కొత్తవి కొంటా. అన్నీ తెచ్చి ఇంట్లో కూర్చుని నా చేత్తో బిగిస్తా. రోజంతా మిల్లీమీటరులో నూరో వంతుతో కుస్తీ పట్టేవాణ్ణి. ఆ పని నాకు రాక ఇంకెవరికి వస్తుంది?

బామ్మర్ది: నీ చేతి పనిని నేనెందుకు కాదంటాను బావా? అడుగుతున్నది ఒక్కటే. ఆ డబ్బు, ఆ సెలవు రోజులు రైఫిల్ మీద పెడితే పాప స్కోరు పెరుగుతుందా? కోచ్ మీద, రేంజ్ ఫీజు మీద పెడితే ఎక్కువ పెరుగుతుందా?

బావ: లెక్కతోనే చెప్తా విను. 10 మీటర్ల టార్గెట్‌లో పది గీత అనేది గీత కూడా కాదు, అర మిల్లీమీటరు చుక్క. పెల్లెట్ వ్యాసం నాలుగున్నర మిల్లీమీటర్లు. పెల్లెట్ అంచు ఆ చుక్కను తాకితే పది. అంటే పెల్లెట్ మధ్యభాగం చుక్క మధ్య నుంచి రెండున్నర మిల్లీమీటర్ల లోపల పడాలి. వెనక సైటుకూ ముందు సైటుకూ మధ్య దూరం సుమారు 80 సెంటీమీటర్లు అనుకో. పది మీటర్ల దూరంలో రెండున్నర మిల్లీమీటర్లు తప్పడానికి ముందు సైటు దగ్గర ఎంత కదలాలి? పాయింట్ రెండు మిల్లీమీటర్లు. ఇక పదిలోనూ నడిమధ్య పడే 10.9 కావాలంటే పాయింట్ సున్నా రెండు. అది మా షాపులో ఇరుసుకూ బేరింగుకూ పెట్టే కొలత. ఇంత సన్నటి పనిలో వస్తువే సరిగ్గా లేకపోతే పిల్ల ఏం చేస్తుంది?

బామ్మర్ది: ఆ లెక్క నా వైపే సాక్ష్యం చెబుతోంది బావా. ముందు సైటు దగ్గర పాయింట్ రెండు మిల్లీమీటర్లు కదిలితే పది పోతుంది అన్నావు. గుండె ఒక్కసారి కొట్టుకుంటే, ఒక్క ఊపిరి తప్పు సమయంలో తీసుకుంటే, మీట నొక్కే వేలు కొంచెం పక్కకు లాగితే, అంతకంటే ఎక్కువే కదులుతుంది. నువ్వు లేతు మీద వస్తువును చక్‌లో బిగిస్తావు. పాప తన రైఫిల్‌ను తన ఒంట్లో బిగించుకోవాలి. ఆ బిగింపు సరిగ్గా లేనప్పుడు గొట్టం ఎంత గొప్పదైనా దానికి పని దొరకదు.

మాథ్యూ ఎమ్మన్స్ అని అమెరికా షూటర్. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌కు ముందు ఎవరో అతని రైఫిల్‌ను కావాలని పాడుచేశారు. తోటి షూటర్ అంబర్ డార్లండ్ దగ్గర రైఫిల్ అరువు తీసుకుని ఏథెన్స్ వెళ్ళాడు, పడుకుని కాల్చే 50 మీటర్ల ప్రోన్‌లో స్వర్ణం కొట్టాడు. అదే ఒలింపిక్స్‌లో మూడు భంగిమల పోటీలో చివరి షాట్‌కు ముందు ముందంజలో ఉన్నాడు. ఆ ఆఖరి షాట్ పక్కవాడి టార్గెట్ మీద కాల్చాడు. సున్నా వచ్చింది. స్వర్ణం చేజారి ఎనిమిదో స్థానానికి పడిపోయాడు. అరువు రైఫిల్ అతని పతకానికి అడ్డం కాలేదు. రెండోసారి పతకం పోయింది చూపు తప్పినందువల్ల.

బావ: కథ బాగుంది. కానీ అరువు తెచ్చింది ఎక్కడి నుంచి? మరో జాతీయ స్థాయి షూటర్ దగ్గర నుంచి. ఏ సంతలోనో దొరికింది కాదది. నువ్వు ఎమ్మన్స్ చెప్పావు, నేను మన అభినవ్ బింద్రా చెప్తా. 2008 బీజింగ్ ఫైనల్‌కు ముందు రైఫిల్ చేతిలోకి తీసుకుని సరిచూసుకునే షాట్ కాలిస్తే నాలుగులో పడింది. తన ఆత్మకథలో తనే రాసుకున్నాడు. సైటు కదిలిపోయి ఉంది. ఉన్న కాసేపట్లో సైటు మరలు తిప్పి సరిచేసుకున్నాడు. ఫైనల్ మొదటి షాట్ 10.7, చివరి షాట్ 10.8. మన దేశానికి వ్యక్తిగత విభాగంలో మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం. తన రైఫిల్‌ను మర మర దాకా ఎరిగినవాడు కాకపోతే ఆ కొద్ది నిమిషాల్లో ఏమయ్యేవాడు?

బామ్మర్ది: అది ఒప్పుకుంటా. రైఫిల్‌ను ఎరగడం షూటర్ చదువులో సగం.

బావ: ఇంకొకటి. మా పనివాళ్ళకు జోసెఫ్ విట్‌వర్త్ గురువు లాంటివాడు. 1841లో మరలన్నిటికీ ఒకే కొలత ఉండాలని చెప్పిన ఇంగ్లండు ఇంజినీరు. ఇవాళ్టికీ పాత పైపుల పని వస్తే మేము విట్‌వర్త్ మర కోస్తాం. ఆ మనిషే రైఫిల్ కూడా చేశాడు. గొట్టం లోపల గుండ్రంగా కాక ఆరు పలకలతో మెలితిప్పి చేశాడు. 1860లో వింబుల్డన్‌లో విక్టోరియా రాణి పోటీలు ప్రారంభిస్తూ దారం లాగి ఆ రైఫిల్ పేల్చింది. నాలుగు వందల గజాల దూరంలో గుండు కేంద్రానికి అంగుళంపావు దూరంలో పడింది. రాణి అంతకుముందు ఎన్నిసార్లు సాధన చేసింది బామ్మర్దీ?

బామ్మర్ది: దారం లాగింది అన్నావు చూడు, నా జవాబు అందులోనే ఉంది. ఆ రైఫిల్ స్టాండు మీద బిగించి ఉంది. రాణి భుజం మీద లేదు. స్టాండు మీద బిగించిన దానికి ఊపిరి ఉండదు, భయం ఉండదు. విట్‌వర్త్ పరీక్షించింది యంత్రాన్ని. ఒలింపిక్స్‌లో పరీక్షించేది మనిషిని. పైగా అంత గొప్ప రైఫిల్‌ను బ్రిటిష్ సైన్యం తీసుకోలేదు. ధర ఎక్కువ, గొట్టంలో మసి త్వరగా పేరుకునేది. సన్నటి కొలత ఎప్పుడూ ఊరికే రాదు. దానికి నిర్వహణ కావాలి, ఖర్చు కావాలి.

బావ: సరే, మన దగ్గరికే వద్దాం. గగన్ నారంగ్ హైదరాబాద్‌లో పెరిగినవాడు. వాళ్ళ నాన్న భీంసేన్ నారంగ్ స్థలం అమ్మి కొడుక్కు రైఫిల్ కొనిచ్చాడు. తండ్రి చేసిన ఆ త్యాగం లేకపోతే 2012 లండన్‌లో 701.1తో కాంస్యం వచ్చేదా? నేను స్థలం అమ్మనక్కర్లేదు, నా చేతులు పెడితే చాలు.

బామ్మర్ది: ఆ తండ్రికి నమస్కారం పెట్టాల్సిందే. కానీ పిల్లాడిలో గురి ఉందని, ఎంత దూరమైనా పోయే పట్టుదల ఉందని తేలాక పెట్టిన ఖర్చు అది. గగన్ ప్రయాణంలో ఇంకో సంగతి ఉంది. 2003లో హైదరాబాద్ ఆఫ్రో ఏషియన్ క్రీడల్లో స్వర్ణం గెలిచాడు. 2008 ఆగస్టులో బీజింగ్‌లో 595 కొట్టి, స్కోరు సమమైనా కౌంట్‌బ్యాక్‌లో వెనకబడి ఫైనల్‌కు చేరలేకపోయాడు. అదే ఏడాది నవంబరులో బ్యాంకాక్ వరల్డ్ కప్ ఫైనల్‌లో అరవైకి అరవై పదులు కొట్టి, మొత్తం 703.5తో ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. రెండు చోట్లా చేతిలో ఉన్నది ప్రపంచ స్థాయి పరికరమే. ఒకచోట 595, ఇంకోచోట 600. ఆ అయిదు పాయింట్ల తేడా ఏ దుకాణంలోనూ దొరకదు.

ధనుష్ శ్రీకాంత్‌ను చూడు. వినికిడి లేకుండా పుట్టిన హైదరాబాద్ కుర్రాడు, గగన్ అకాడమీలో తయారయ్యాడు. 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం తెచ్చాడు. మాట చెవికి చేరని పిల్లాడికి నేర్పడానికి ఎంత ఓపిక కావాలో ఆలోచించు. ఆ ఓపికకే మనం డబ్బు పెట్టాలంటున్నాను.

బావ: ఉదాహరణలతో తేలదు. నువ్వొకటి చెబుతావు, నేనొకటి చెబుతా. కాగితం తియ్యి, లెక్క వేద్దాం. పాప సగటు షాట్ ఎంత?

బామ్మర్ది: ఫోన్‌లో చెప్పింది, 9.6.

బావ: ఒక్కో పాయింట్ ఒకటి పాయింటుకు పావు మిల్లీమీటరు దూరం. 10.9 అంటే దాదాపు నడిమధ్య. అక్కడి నుంచి లెక్కపెడితే 9.6 అంటే కేంద్రానికి సగటున మూడు పాయింట్ నాలుగు మిల్లీమీటర్ల దూరంలో పడుతోంది. ఇందులో పాప తప్పు ఎంత, రైఫిల్ తప్పు ఎంత అన్నది తేలాలి.

బామ్మర్ది: రెండూ కలిపితే మూడు పాయింట్ నాలుగు కదా. తీసివేస్తే పోలా?

బావ: అలా మామూలుగా కూడవు. పాప చెయ్యి కుడికి పోయినప్పుడు రైఫిల్ ఎడమకు వెయ్యొచ్చు, పైకి వెయ్యొచ్చు. ఒకదానితో ఒకటి సంబంధం లేని తప్పులు లంబకోణ త్రిభుజంలో భుజాల్లాగా కూడుతాయి. రెండు భుజాల వర్గాలు కలిపితే కర్ణం వర్గం. మా షాపులో నాలుగైదు ముక్కలు కలిపి ఒక జాబ్ చేసేటప్పుడు మొత్తం తేడా ఇలాగే లెక్కేస్తాం. క్లబ్బు రైఫిల్ బాగా అరిగి, పెల్లెట్లు దానికి నప్పనివి వాడుతూ, స్టాండు మీద బిగించి కాల్చినా సగటున పాయింట్ ఎనిమిది మిల్లీమీటర్లు చెదురుతోందనుకుందాం. మూడు పాయింట్ నాలుగు వర్గంలోంచి పాయింట్ ఎనిమిది వర్గం తీసేసి వర్గమూలం కడితే మూడు పాయింట్ మూడు. అది పాప వాటా.

బామ్మర్ది: ఇప్పుడు నీ చేత్తో చేసిన రైఫిల్ సగం తప్పే చేస్తుందనుకో, పాయింట్ నాలుగు.

బావ: మళ్ళీ వర్గాలు కలిపితే... మూడు పాయింట్ మూడు మూడు.

బామ్మర్ది: మూడు పాయింట్ నాలుగు కాస్తా మూడు పాయింట్ మూడు మూడు అయింది. అరవై షాట్లకు ఎన్ని పాయింట్లు?

బావ: రెండు కూడా రావు.

బామ్మర్ది: చూశావా? రైఫిల్ సగానికి సగం బాగుపడితే పాపకు వచ్చేది రెండు పాయింట్ల లోపు. అదే కోచ్ దగ్గర నిలబడే తీరు, ఊపిరి, మీట నొక్కే పద్ధతి సరిచేసుకుని 9.6 నుంచి 10.0కు వస్తే ఇరవై నాలుగు పాయింట్లు.

బావ: ఆగు, లెక్క అక్కడ ఆపకు. ఇదే రైఫిల్ మార్పు 10.5 సగటు కొట్టే షూటర్‌కు వేసి చూడు. ఆమె షాట్లు కేంద్రానికి ఒకటి పాయింట్ ఒకటి మిల్లీమీటర్ల దూరంలో పడతాయి. అందులోంచి రైఫిల్ పాయింట్ ఎనిమిది తీసేస్తే ఆమె సొంత తప్పు సుమారు ముప్పావు మిల్లీమీటరే. రైఫిల్ తప్పు పాయింట్ నాలుగుకు దిగితే మొత్తం పాయింట్ ఎనభై అయిదుకు వస్తుంది. పావు మిల్లీమీటరు లాభం, షాట్‌కు పాయింట్ ఒకటి. అరవై షాట్లకు ఆరు పాయింట్లు. ఆ స్థాయిలో ఆరు పాయింట్లంటే ఫైనల్‌కు వెళ్ళడానికీ ఇంటికి వెళ్ళడానికీ మధ్య దూరం.

బామ్మర్ది: అంటే వస్తువు ఒకటే, మార్పు ఒకటే. కొత్తగా నేర్చుకునే పిల్లకు రెండు పాయింట్లు, ఆరితేరిన షూటర్‌కు ఆరు.

బావ: అవును. షూటర్ బాగుపడే కొద్దీ రైఫిల్ వాటా పెద్దదవుతుంది. కాబట్టి రైఫిల్ అక్కర్లేదని కాదు. దాని సమయం దానికుంది.

బామ్మర్ది: ఆ మాట నీ నోట వచ్చింది, చాలు.

బావ: చాలదు. నీ లెక్కలో ఒక లోపం ఉంది. పాప వాటా మూడు పాయింట్ మూడు అన్నాం. అదంతా పాప తప్పేనా? క్లబ్బు రైఫిల్ పెద్దవాళ్ళ కోసం సర్ది ఉంది. వెనక బట్టు పొడుగెక్కువైతే పిల్ల వీపు విల్లులా వంచి నిలబడాలి. చెంప ఆనించే పలక ఎత్తు తక్కువైతే మెడ వంచాలి. ముందు బరువెక్కువైతే భుజం అలిసిపోయి నలభయ్యో షాట్ నుంచి చెయ్యి జారుతుంది. అప్పుడు కోచ్ ఎంత చెప్పినా పిల్ల ఒంటికి అది పట్టదు. ఇది రైఫిల్ తప్పూ కాదు, మనిషి తప్పూ కాదు. రెండిటి మధ్య అతుకు తప్పు.

బామ్మర్ది: ఇది నేను ఆలోచించనిది బావా. ఎన్‌సీసీలో మాకు ఒకే రైఫిల్ వరసగా అందరికీ ఇచ్చేవాళ్ళు. పొట్టివాడికీ అదే, పొడుగువాడికీ అదే. ఉస్తాద్ ఎప్పుడూ ముందు గ్రూపింగ్ చూసేవాడు. అయిదు గుళ్ళూ ఒకచోట పడుతున్నాయా లేదా అన్నదే మొదటి ప్రశ్న. ఎక్కడ పడ్డాయన్నది తరవాత, అది సైటు తిప్పితే సరిపోతుంది. కానీ గ్రూపు చెదిరిన పొట్టివాడికి బట్టు పొడుగెక్కువైందేమో అని ఎవరూ చూసింది లేదు.

బావ: ఇప్పటి మ్యాచ్ రైఫిళ్ళలో అన్నీ సర్దుకునేవే. వెనక పలక ముందుకూ వెనక్కూ జరుగుతుంది, పైకీ కిందికీ జరుగుతుంది. చెంప పలక ఎత్తు మారుతుంది. ఎడమ చెయ్యి ఆనే చోటు మారుతుంది. బరువు బిళ్ళలు వేసుకోవచ్చు, తీసేసుకోవచ్చు, మొత్తం అయిదున్నర కిలోలు దాటకూడదని నియమం. నాకు చేతనైన పని ఇక్కడుంది.

బామ్మర్ది: ఉంది, ఒప్పుకున్నా. అది కూడా కోచ్ పక్కన ఉండగా చెయ్యి. పాప నిలబడి గురి పెట్టి, కళ్ళు మూసుకుని, రెండు ఊపిర్లు తీసుకుని, కళ్ళు తెరిస్తే సైటు టార్గెట్ మీదే ఉండాలి. పక్కకు పోతే చేత్తో లాక్కురాకూడదు, కాళ్ళు జరుపుకోవాలి, లేదా బట్టు సర్దాలి. ఏది చెయ్యాలో కోచ్ చెబుతాడు, నువ్వు మర తిప్పు.

బావ: మరి గొట్టం, మెకానిజం విడిగా తెచ్చి బిగించే సంగతి?

బామ్మర్ది: అక్కడే నేను గట్టిగా వద్దంటాను. దానికి రెండు కారణాలు. మొదటిది చట్టం. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారుచెయ్యడం నేరం. విడి భాగాలు కూడా ఆ చట్టం కిందికే వస్తాయి, తయారుచేసే యంత్రాలు కూడా. 2019లో సవరించాక దీనికి శిక్ష ఏడేళ్ళ నుంచి యావజ్జీవం దాకా. పాప వాడే ఎయిర్ రైఫిల్ వేరు. 20 జౌళ్ళ లోపు శక్తి, నాలుగున్నర మిల్లీమీటర్ల గొట్టం ఉన్న గాలి రైఫిల్‌కు 2016 ఆయుధ నియమాల కింద లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ రైఫిల్ పెల్లెట్‌కు ఎనిమిది జౌళ్ళకు అటూ ఇటూ శక్తి ఉంటుంది. కానీ లోపల మార్చి శక్తి పెంచావనుకో, అది లైసెన్సు కావాల్సిన వస్తువైపోతుంది. రేపు పాప .22 రైఫిల్‌కు వెళ్తే ఇక అస్సలు ముట్టుకోకూడదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇంట్లో రైఫిల్ బిగించుకోవడం ఒక ఆటవిడుపు. వాళ్ళ చట్టం వాళ్ళది. మన మీద పడే కేసు మనది.

బావ: ఇక్కడ బహ్రెయిన్‌లో?

బామ్మర్ది: ఇక్కడ హోం శాఖ అనుమతి లేకుండా ఆయుధం గానీ దాని ముక్క గానీ దగ్గర పెట్టుకుంటే నేరం. పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళం. షాపులో ఖాళీ దొరికింది కదా అని లేతు మీద ఒక్క ముక్క కూడా తిప్పొద్దు. పెట్టెలో సర్దుకుని విమానం ఎక్కొద్దు. ఉద్యోగం పోవడంతో ఆగదు.

బావ: ఆ భయం నాకూ ఉంది. ఇక్కడ ఏమీ ముట్టుకోను. రెండో కారణం?

బామ్మర్ది: గాలి సిలిండర్. ఇప్పటి మ్యాచ్ ఎయిర్ రైఫిల్ గొట్టం కింద ఉండే సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడి దాకా గాలి నింపుతారు. దాని మీద గడువు తేదీ చెక్కి ఉంటుంది, మామూలుగా పదేళ్ళు. గడువు దాటలేదని చూసుకునే బాధ్యత షూటర్‌దేనని అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమం. పాత వస్తువుల్లో చవగ్గా దొరికేది చాలాసార్లు గడువు తీరిన సిలిండరే. అది పిల్ల మొహానికి అంగుళాల దూరంలో ఉంటుంది బావా.

బావ: ప్రెషర్ టెస్టు విలువ నాకు చెప్పనక్కర్లేదు. మా దగ్గర గ్యాస్ సిలిండర్ తేదీ చూడనివాణ్ణి సైట్‌లోకి రానివ్వరు. సరే, ముక్కలు తెచ్చి బిగించే ఆలోచన వదిలేస్తా. ఇప్పుడు నా మాట ఒకటి నువ్వు విను. డబ్బు ఎక్కడ పెట్టాలో తేలాలంటే ముందు కొలవాలి. పాయింట్ ఎనిమిది అని మనం అనుకున్నాం, కొలిచింది కాదు. క్లబ్బు రైఫిల్‌ను బిగింపు స్టాండు మీద పెట్టి కాల్చి చూడమని కోచ్‌ను అడుగుదాం.

బామ్మర్ది: మూడు షాట్లు కాల్చి ఫోటో పంపమంటా.

బావ: మూడు చాలవు. ఇది నా వృత్తి, నన్ను చెప్పనివ్వు. మూడు షాట్ల గ్రూపు అదృష్టం కొద్దీ ఎంత చిన్నదైనా రావొచ్చు. అదే రైఫిల్, అదే పెల్లెట్, పది షాట్ల గ్రూపు సగటున మూడు షాట్ల గ్రూపు కంటే ఒకటిన్నర రెట్లు పెద్దగా వస్తుంది. రైఫిల్ పాడవలేదు, మనం నిజానికి దగ్గరికి వచ్చాం, అంతే. మూడు షాట్లు చూసి ఈ పెల్లెట్ మంచిది, ఆ పెల్లెట్ చెడ్డది అని తీర్పు చెప్పేవాళ్ళే ఎక్కువ మంది. పదేసి షాట్ల గ్రూపులు కొన్ని కాల్చాలి, ఒక్కో షాట్ కేంద్రానికి ఎంత దూరమో కొలిచి సగటు కట్టాలి. ఇంకో నియమం, ఒకసారికి ఒక్కటే మార్చాలి. పెల్లెట్ మార్చిన రోజు సైటు ముట్టుకోకూడదు. రెండూ ఒకేసారి మారిస్తే ఏది మేలు చేసిందో బ్రహ్మకూ తెలియదు.

బామ్మర్ది: పెల్లెట్‌లో అంత తేడా ఉంటుందా?

బావ: ఉంటుందనే కదా కంపెనీలు తల వ్యాసం 4.49, 4.50, 4.51 అని వేరు చేసి అమ్మేది. ఒక్కో గొట్టానికి ఒక్కోటి నప్పుతుంది. పెద్ద షూటర్లు జర్మనీలో పెల్లెట్ తయారీదారుల దగ్గరికే రైఫిల్ పట్టుకెళ్ళి, స్టాండు మీద బిగించి, తమ గొట్టానికి నప్పే బ్యాచ్ ఏరుకుని అదే కొనుక్కుంటారు. మనం అంత దూరం పోనక్కర్లేదు. నాలుగు రకాల డబ్బాలు తెచ్చి పరీక్షిస్తే చాలు. కొత్త రైఫిల్ ధరలో అది ఏ మూలకూ రాదు. అందులోనే సగం మేలు దొరికినా దొరకొచ్చు.

బామ్మర్ది: మంచి మాట. నా వైపు నుంచి ఇంకొకటి. పాప ఇంట్లో చేసే ఖాళీ సాధన. పెల్లెట్ లేకుండా, గోడ మీద చిన్న చుక్క పెట్టి, నిలబడి గురి చూసి మీట నొక్కడం. మీట నొక్కాక కూడా సైటును చుక్క మీదే నిలపాలి. పెల్లెట్ పది మీటర్లు పోవడానికి సెకనులో పదహారో వంతు పడుతుంది. అది గొట్టం దాటకముందే పిల్ల తల ఎత్తిందంటే షాట్ పోయినట్టే. దీనికి రేంజ్ ఫీజు లేదు, పెల్లెట్ ఖర్చు లేదు. ఒలింపిక్ పతకం గెలిచినవాళ్ళూ రోజూ ఇదే చేస్తారు. క్లబ్బు రైఫిల్ ఇంటికి ఇవ్వరన్నది ఒక్కటే చిక్కు.

బావ: అందుకే సొంత రైఫిల్ అంటున్నా.

బామ్మర్ది: ఆ కారణానికైతే నేనూ ఒప్పుకుంటా. ఇంట్లో సాధనకు, ఒంటికి సర్దుకోవడానికి సొంతది కావాలి. కానీ గొప్పది కావాలని లేదు. రసీదు ఉన్నది, సిలిండర్ గడువు మిగిలి ఉన్నది, వెనక పలకా చెంప పలకా కదిలేది, కోచ్ చూసి సరే అన్నది, అది చాలు. గొట్టం ప్రపంచ స్థాయిది కాకపోయినా పరవాలేదు.

బావ: 10.3 సగటు దాటిన రోజు?

బామ్మర్ది: ఆ రోజు నువ్వడగనక్కర్లేదు, నేనే చీటీ పాడి డబ్బు తెస్తా. అప్పుడు కొత్త రైఫిల్ కొందాం. దాన్ని సర్దడానికి నువ్వు సెలవు పెట్టి రా.

బావ: ఒప్పందం. ఇప్పటికి కోచ్ ఫీజు ఏడాదికి కట్టేద్దాం. నాలుగు రకాల పెల్లెట్లు, పదేసి షాట్ల పరీక్ష. ఆపైన మామూలు సొంత రైఫిల్, పాప ఒంటికి సర్దుబాటు. ఖర్చు ఈ వరసలోనే.

గల్ఫ్‌లో చెమటోడ్చి పిల్లల ఆటకు డబ్బు పంపుతున్న ప్రతి తల్లికీ తండ్రికీ ఈ వరస ఉపయోగపడుతుంది. తప్పు ఎక్కడుందో ముందు కొలిపించండి. పెద్ద తప్పు ఏదో దాని మీదే మొదటి రూపాయి పెట్టండి. నేర్చుకునే ఏళ్ళలో ఆ పెద్ద తప్పు దాదాపు ఎప్పుడూ గొట్టంలో ఉండదు. నిలబడే తీరులో ఉంటుంది, ఒంటికి నప్పని బట్టులో ఉంటుంది, సాధన చాలకపోవడంలో ఉంటుంది. రైఫిల్ లోపలి భాగాలను ఇంట్లో విప్పి బిగించే ప్రయోగం మాత్రం ఏ దేశంలో ఉన్నా చెయ్యకండి. ఆ పని లైసెన్సున్న నిపుణులకు వదిలిపెట్టండి, పిల్లను మంచి కోచ్‌కు అప్పగించండి.